నల్లా కళాకారులు

కోయిలగిరి సంస్థానాన్ని ఏలిన రాజుగారికి తన చుట్టాల మీద నమ్మకం లేదు. కోటకు కాపలా కాసేవాళ్లు తన చుట్టాల్లో ఎవరికీ చుట్టాలు కాకూడదని పట్టుబట్టి, సముద్రం అవతల ఆఫ్రికా నుంచి వచ్చిన వీరులను వెతికి వెతికి కొలువులో పెట్టుకున్నాడు. వాళ్లలో ఒకడు గుర్రంతో సహా కోటగోడ దూకాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలభై ఏళ్ల కింద ఆ కథలో గోడ పన్నెండడుగులు ఉండేది, ఇప్పుడు ముప్పైకి చేరింది. అసలు గోడ కూలిపోయాక ఎత్తు పెరగడానికి అడ్డేమీ లేకుండా పోయింది.

రాజు పోయాడు, గుర్రాలు పోయాయి, కోటలోకి ప్రభుత్వ ఆఫీసులు వచ్చాయి. ఎటూ పోనిది ఆ సిపాయిల సంతానం. కోట వెనక హబ్షీ గల్లీలో నూట నలభై మూడు మంది ఉన్నారు. ఆరు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడి జొన్నరొట్టె తిని, ఇక్కడి ఎండను తిట్టుకుంటూ బతుకుతున్నారు. కొత్తవాడెవడైనా వాళ్ల ఒంటి నలుపూ జుట్టు రింగులూ చూసి మీది ఏ దేశమని అడిగితే, "కోట ఎనక" అని చెప్పి ముందుకు సాగిపోతారు. వాళ్ల మర్ఫా మోగనిదే కోయిలగిరిలో పెళ్లికొడుకు గుర్రమెక్కడు. మర్ఫా అంటే కంచు పళ్లేనికీ తోలు డోలుకీ జరిగే కొట్లాట. అది వినిపిస్తే వాతంతో మంచం పట్టిన ముసలాయన సైతం వాకిట్లోకి వచ్చి, నాలుగు చిందులు వేసి, తిరిగి వెళ్లి మంచం పడతాడు.

ఆ మర్ఫా బృందానికి పెద్ద మర్జానాబీ. యాభైకి రెండేళ్లు తక్కువ. తండ్రి చేతి డోలు ఆమె చేతికొచ్చింది, తండ్రి నోరు కూడా వెంటే వచ్చింది. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఆమె నాలుగు బజార్ల కూడలిలో చిన్న చిన్న నాటకాలు ఆడించేది. రెండేళ్లుగా ఫోనుతో సినిమా కూడా తీస్తోంది. నాటకమైనా సినిమా అయినా ఆమె దగ్గర ఉన్న కథ ఒక్కటే. హబ్షీ గల్లీకి నీళ్లు లేవు.

ఎందుకు లేవంటే, మునిసిపాలిటీ రికార్డులో ఆ స్థలం రాజుగారి గుర్రపుశాల. ఇళ్లకు నల్లా ఇవ్వవచ్చు గాని గుర్రపుశాలకు ఇవ్వరాదు. మర్జానాబీ ముప్పై ఒక్క అర్జీలు పెట్టింది. ముప్పై అర్జీలకు జవాబు లేదు. ముప్పై ఒకటోదానికి వచ్చింది: "గుర్రముల నిమిత్తము ఒక తొట్టి మంజూరు చేయుటకు అభ్యంతరము లేదు. అయితే గుర్రములు స్వయముగా హాజరు కావలెను." గల్లీ ఆడవాళ్లు బస్టాండు బోరింగు దాకా నడిచి నీళ్లు మోసేవారు. మర్జానాబీ తల్లి సంబల్‌బీకి డెబ్బై ఆరేళ్లు. ఆవిడ మోకాళ్లు రెండూ ఆ ఎండాకాలంతో సెలవు తీసుకుంటామని చెప్పేశాయి. డాక్టరు చెప్పిన మందు కూడా ఒకటే, బిందె మోయొద్దని.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధానిలో ఒక పెద్ద అధికారి విదేశీ సభకు వెళ్లి, అక్కడ నల్లజాతి కళాకారులు ఆటతో, పాటతో, సినిమాతో న్యాయం అడగడం చూసి కంటతడి పెట్టుకున్నాడు. తిరుగు విమానంలో రెండు పూటలు తృప్తిగా భోజనం చేసినా ఆ తడి ఆరలేదు. దిగగానే ఉత్తర్వు చెప్పి రాయించాడు. ప్రతి జిల్లాలో నల్ల కళాకారులను గుర్తించి, సామాజిక న్యాయం మీద వాళ్ల ప్రదర్శనలూ చిత్రాలూ వారం రోజులు వేయించాలి. మంత్రిగారు స్వయంగా వస్తారు.

ఉత్తర్వు టైపు చేసినాయన ఇంట్లో ఆ ఉదయం నీళ్లు రాలేదు. కోస్తావాళ్లు కుళాయి అనేదాన్ని ఈ పక్క నల్లా అంటారు. ఆయన మనసంతా నల్లా మీదే ఉంది. 'నల్ల' అని కొట్టిన వేలు ఒక దీర్ఘం కూడా ఇచ్చేసింది. పెద్ద అధికారి సంతకం పెట్టాడు. ఆ విధంగా ముప్పై పైచిలుకు జిల్లాలకు 'నల్లా కళాకారుల సామాజిక న్యాయ వారోత్సవము' బయలుదేరింది.

కోయిలగిరిలో దాన్ని అందుకున్నది జిల్లా సాంస్కృతిక అధికారి మఠం పంచాక్షరి. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆశ్చర్యపోవడం ఆయన ప్రొబేషన్‌లోనే మానేశాడు. నల్లా కళాకారులంటే ఎవరో తెలియక నీటి సరఫరా ఇంజినీరు విఠల్‌రావుకు లేఖ రాశాడు. విఠల్‌రావు ఎవరు ఏది అడిగినా తెలియదని చెప్పే మనిషి కాదు. మూడు రోజుల్లో నిర్వచనం పంపాడు: "నల్లా కళాకారుడు అనగా, స్వంత నివాసమునందు పనిచేయుచున్న నల్లా కలిగి, సదరు నల్లాపై గాని, నల్లాతో గాని, నల్లా నిమిత్తము గాని కళను ప్రదర్శించు వ్యక్తి."

వారోత్సవం సంగతి గల్లీకి మర్ఫా కన్నా వేగంగా చేరింది. సంగతి చేరేటప్పటికి దీర్ఘం దారిలో ఎక్కడో రాలిపోయింది. నల్ల కళాకారులను ప్రభుత్వం పిలుస్తోంది, మంత్రి వచ్చి సినిమా చూస్తాడు అన్నారు. మర్జానాబీ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కోటలోకి వెళ్లింది.

పంచాక్షరి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి దరఖాస్తు తీశాడు.

"నల్లా ఉన్నదా అమ్మా?"

"లేదు సారు. అదే గద మా కత."

"నల్లా లేకుండ నల్లా కళాకారులు ఎట్లయితరు?"

"ఎట్లయితరేంది సారు? పుట్టుకతోనే నల్ల. మా అమ్మ నల్ల, మా నాయన నల్ల."

పంచాక్షరి కళ్లజోడు తీసి తుడిచాడు. "పుట్టుకతోని నల్లా ఎవ్వరికీ రాదమ్మా. దరఖాస్తు పెట్టుకోవాలె."

ముందు అర్థమైంది మర్జానాబీకి. ఉత్తర్వు కాగితం తన వైపు తిప్పమని, ఆ అక్షరం మీద వేలు పెట్టి, ఈ దీర్ఘం ఎక్కువైంది సారు అని చెప్పింది. పంచాక్షరి తెలివి తక్కువవాడేమీ కాదు. ఆయనకూ అర్థమైంది. అర్థమైన మరుక్షణం తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సంతకం కాకముందు ఇది తప్పు అమ్మా. సంతకమైనంక విధానం."

సవరణ అంటూ వస్తే రాజధాని నుంచే రావాలనీ, పై అధికారి సంతకం కింద తప్పుందని కింది అధికారి అనడం క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుందనీ ఆయన వివరించాడు. తన పెన్షన్‌కు ఇంకా నాలుగేళ్లుందని మాత్రం వివరించలేదు. దరఖాస్తు మీద ఎర్ర సిరాతో రాశాడు: "నల్లా లేనందున నల్లా కళాకారులుగా పరిగణించుటకు వీలు కాదు."

ఆమె ఆఫీసు గడప దాటిందో లేదో, ఊళ్లో కళ పొంగింది. ఇంట్లో నల్లా ఉన్న ప్రతివాడూ కళాకారుడయ్యాడు. ఒక నల్లా ఉన్నవాడు 'సి' గ్రేడు, మూడుంటే 'బి' గ్రేడు. సేట్ల బజారులో రైసుమిల్లు గంప నాగభూషణం సేటుకు పదకొండు నల్లాలు. ఆయన జన్మలో తాళం వేయగా ఎవరూ చూడలేదు, బీరువాకు తప్ప. అయినా ఆయన్ను 'శ్రేష్ఠ నల్లా కళాకారుడు' అని ప్రకటించారు. సేటు వెనక్కి తగ్గే మనిషి కాదు. పదకొండు నల్లాలనూ ఒక వరసలో బిగించి, ఒక్కోదాని కింద ఒక్కో సైజు గిన్నె పెట్టి, 'నల్లా తరంగం' సాధన మొదలుపెట్టాడు. ఆయన సాధన చేసే రెండు గంటలూ వీధిలో తక్కిన కళాకారుల నల్లాల్లో గాలి మాత్రమే వచ్చేది. చలనచిత్ర విభాగంలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు తన పెరటి నల్లా నుంచి బొట్టు రాలడం నలభై నిమిషాలు తీశాడు. ఎంపిక సంఘం అది చూసి సామాజిక న్యాయం ఇంత నిదానంగా, ఇంత కచ్చితంగా వస్తుందని ఇదివరకు ఎవరూ చూపించలేదని రాసింది.

అంతా సవ్యంగా జరుగుతున్నప్పుడు రాజధాని నుంచి ఫోను వచ్చింది. మీ కోయిలగిరిలో ఆఫ్రికా సంతతి వాళ్లున్నారట, మంత్రిగారు ప్రత్యేకంగా వాళ్లను చూడటానికే ముందు మీ జిల్లాకు వస్తున్నారు, వాళ్ల ఫోటోలు సాయంత్రంలోగా పంపండి అని. పంచాక్షరి ఇరుకున పడ్డాడు. వాళ్లను తీసుకుంటే ఉత్తర్వు తప్పినట్టు, తీసుకోకపోతే మంత్రి మాట తప్పినట్టు. పరిగెత్తుకుంటూ విఠల్‌రావు దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ తలుపు వేసుకుని ఆలోచించి, ఆ బృందానికి ఒక నల్లా ఇచ్చేయాలని తేల్చారు. గుర్రపుశాలకు ఇవ్వకూడదు గనక, నాటక సామగ్రి కింద ఇస్తారు. రాజు వేషగాడికి అట్టకిరీటం ఇచ్చినట్టు మర్జానాబీకి ఒక ఇత్తడి నల్లా. గొట్టం ఉండదు.

ఆ నల్లాను పళ్లెంలో పెట్టుకుని పంచాక్షరి స్వయంగా గల్లీకి వచ్చాడు. మర్జానాబీ దాన్ని తిప్పి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని చూసింది. తల్లి ఒళ్లో పెట్టి, అమ్మా, సర్కారు పంపింది అని చెప్పింది. సంబల్‌బీ దాన్ని అటూ ఇటూ దొర్లించి, వక్కలు దంచుకోవడానికి బాగుంటుందంది.

ఇక నాటకం రాతప్రతి ఇస్తే ఆమోదం ముద్ర వేస్తానన్నాడు పంచాక్షరి. వారోత్సవానికి ఇరవై రెండు నిబంధనలున్నాయి. పద్నాలుగో నిబంధన కొంచెం కోపిష్టిది. న్యాయం గురించి ఆడేవాళ్లు వేదికెక్కాక ఏం మాట్లాడతారోనని రాజధానిలో ఎవరికో భయం వేసి రాయించింది: "ఆమోదము పొందిన ప్రతిలోని ప్రతి వాక్యమును, రంగసూచనలతో సహా, అక్షరము పొల్లుపోకుండ ప్రదర్శించవలెను. ప్రదర్శనను మధ్యలో ఆపుట, మార్చుట నిషిద్ధము. ఉల్లంఘన జరిగినచో సంబంధిత అధికారులే బాధ్యులు."

మర్జానాబీ ఆ నిబంధన రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి తనే చదువుకుంది. మర్నాడు బడిపిల్లల నోటుబుక్కులో నాటకం రాసి తెచ్చింది. అందులో సంభాషణలు లేవు. ఉన్నదంతా రంగసూచనే:

"స్థలము: హబ్షీ గల్లీ. సమయము: ప్రతి దినము ఉదయము ఆరు గంటలు. మర్ఫా మోగును. మర్జానా నల్లా తిప్పును. నల్లాలోంచి నీళ్లు వచ్చును. గల్లీవారందరు వరుసగా వచ్చి తమ తమ బిందెలు నింపుకొని పోవుదురు. మరునాడు మరల ఇట్లే జరుగును."

పంచాక్షరి ప్రమాదకరమైన మాటల కోసం వెతికాడు. అన్యాయం లేదు, ప్రభుత్వం లేదు, డిమాండు లేదు. ఆఖరు పేజీ తిప్పి, వెనక్కి తిప్పి, నోటుబుక్కు దులిపి కూడా చూశాడు. మర్జానాబీ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన చాలాసేపు కలం చేతిలో పట్టుకుని ఉండి, "అభ్యంతరకరమైనదేమియు లేదు" అని రాసి ముద్ర కొట్టాడు. ఆ ముద్ర మామూలు కన్నా కొంచెం గట్టిగా పడిందని అటెండరు తర్వాత చెప్పాడు.

ముద్ర సంగతి తెలిసి విఠల్‌రావు నోటుబుక్కు పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏంది సార్ ఇది? నీళ్లు వచ్చును అని రాసి ఉన్నది."

"ఆమోదం పొందింది సార్."

"వచ్చును అంటే నేనేడికెంచి తేవాలె?"

"అది మీ శాఖ. పద్నాలుగు చదవండి. సంబంధిత అధికారులని బహువచనం ఉన్నది."

గుర్రపుశాలకు గొట్టం వేయకూడదు. రంగస్థలానికి వేయకూడదని మాత్రం ఎక్కడా లేదు. విఠల్‌రావు ఆ రాత్రే మునిసిపల్ రికార్డు తెప్పించి, 'గుర్రపుశాల' కొట్టేయించి 'రంగస్థలము' అని రాయించాడు. ముప్పై ఒక్క అర్జీలకు కదలని రికార్డు ఒక నాటకానికి కదిలింది. నాలుగు రోజుల్లో మూడు ఫర్లాంగుల గొట్టం పడింది. దగ్గర్లో ఉన్న లైను సేట్ల బజారుదే. దానికే కలిపారు. వారం రోజులేగదా అనుకున్నారు.

మంత్రిగారు వచ్చిన రోజు ఉదయం ఆరింటికి మర్ఫా మోగింది. గల్లీ మధ్య దిమ్మె మీద ఇత్తడి నల్లా. మర్జానాబీ డోలు మెడలోంచి తీసి తల్లికిచ్చి, నల్లా దగ్గరికి వెళ్లింది. వందసార్లు పెళ్లిళ్లలో కత్తులు తిప్పిన చేయి ఆ చిన్న పిడి తిప్పింది. ముందు దగ్గింది నల్లా. తర్వాత ఎర్రనీళ్లు. తర్వాత తెల్లగా, లావుగా ధార. మర్ఫా ఒక్కసారిగా ఆగిపోయింది, రాతప్రతిలో ఆగమని లేకపోయినా. ఆ ఒక్క ఉల్లంఘనను పంచాక్షరి రాసుకోలేదు.

నూట నలభై మూడు పాత్రలూ నిబంధన ప్రకారం వరసగా వచ్చి నీళ్లు పట్టుకుపోయాయి. మంత్రిగారు ఇంత ఆధునికమైన నాటకం తను చూడలేదన్నారు. తర్వాత గుడారంలో దుప్పటి కట్టి సినిమా వేశారు. పన్నెండు నిమిషాలు. మాటలు లేవు. సంబల్‌బీ బస్టాండు బోరింగు నుంచి గల్లీ దాకా నెత్తిన బిందెతో వస్తుంది. పదకొండుసార్లు ఆగుతుంది. ఆగినప్పుడల్లా గోడ పట్టుకుని మోకాలు రాసుకుంటుంది, బిందె మాత్రం దించదు. దించితే మళ్లీ ఎత్తేవాళ్లు లేరు. ఒక్క డోలు వెనకాల నెమ్మదిగా, ఆవిడ అడుగుకొకటి చొప్పున మోగుతుంది. ఆవిడ ఆగితే డోలూ ఆగుతుంది. గుడారంలో విసనకర్రలు కూడా ఆగాయి.

దీపాలు వెలిగాక మంత్రిగారు మర్జానాబీ వైపు తిరిగారు. "ముసలమ్మ ఎంత సహజంగా నటించిందమ్మా."

"నటించలే సారు," అంది మర్జానాబీ. "మోసింది."

మంత్రిగారి కార్యదర్శి చక్కటి డైలాగని పుస్తకంలో రాసుకున్నాడు. మంత్రిగారు మాత్రం శాలువా కప్పేటప్పుడు సంబల్‌బీ మొహంలోకి చూడలేకపోయారు.

వారోత్సవం ముగిసింది. మంత్రిగారు వెళ్లిన తొమ్మిదో రోజున రాజధాని నుంచి సవరణ దిగింది: "పై ఉత్తర్వులో 'నల్లా' అను పదము వచ్చిన ప్రతిచోట 'నల్ల' అని చదువుకొనవలెను. నల్లాల నిమిత్తము జరిగిన ఖర్చులు, బిగింపులు రద్దు పరచవలెను." సేటు గ్రేడు ఊడింది. హెడ్మాస్టరు బొట్టు సినిమా వెనక్కి వచ్చింది. మర్నాడు ఉదయం పంచాక్షరీ విఠల్‌రావూ ఒక ఫిట్టరును వెంటబెట్టుకుని నల్లా విప్పుకుపోవడానికి గల్లీకి వచ్చారు. ఆరు దాటింది. మర్ఫా మోగుతోంది, వరస కదులుతోంది. నల్లా పక్కన స్టూలు మీద సంబల్‌బీ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

ఫిట్టరు పానా తీశాడు. మర్జానాబీ అడ్డం నిలబడలేదు, అరవలేదు. నోటుబుక్కు తెచ్చి పంచాక్షరి చేతిలో పెట్టింది.

"నాటకం నడుస్తున్నది సారు. నడిమిట్ల ఆపొచ్చునా?"

"నాటకం అయిపోయిందమ్మా. మంత్రిగారు పోయి పదిరోజులాయె."

"మంత్రిగారు పోయిన్రు. నాటకం ఏడ అయిపోయింది? తెర పడును అని ఏడున్నదో సూపియ్యున్రి."

పంచాక్షరి పేజీ తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం ఆయనకు లేదు. విఠల్‌రావే లాక్కుని తిప్పాడు. మరునాడు మరల ఇట్లే జరుగును. దాని కింద గుండ్రంగా, గట్టిగా ప్రభుత్వ ముద్ర. సవరణ ఉత్తర్వులో పద్నాలుగో నిబంధన రద్దయిందా అని విఠల్‌రావు అడిగాడు. లేదన్నాడు పంచాక్షరి. నడుస్తున్న నాటకంలో నల్లా విప్పితే రంగసూచన ఉల్లంఘన అవుతుందా అన్నాడు. అవుతుందన్నాడు. బాధ్యులెవరన్నాడు. బహువచనం, అన్నాడు పంచాక్షరి. ఫిట్టరు పానా సంచిలో వేసుకున్నాడు.

నాటకం ఎప్పుడు ముగియవలెనో స్పష్టత కోరుతూ రాజధానికి లేఖ వెళ్లింది. అది అక్కడ క్షేమంగా ఉంది. ఈలోగా ప్రదర్శన అక్షరం పొల్లుపోకుండా జరుగుతున్నట్టు రోజూ ఎవరో ఒకరు ధ్రువీకరించాలి గనక, పంచాక్షరి రోజూ ఉదయం ఆరింటికి గల్లీకి వచ్చి, రిజిస్టరులో పాత్రధారుల హాజరు వేస్తాడు. సంబల్‌బీ ఇచ్చే చాయ్ తాగుతాడు. బిందె నింపుకున్నవాడికి టిక్కు. నల్ల కళాకారుడవునా కాదా అని కొత్త సవరణ ప్రకారం పక్క గడిలో ఇంకో టిక్కు.

ఏప్రిల్‌లో ఒక రోజు ఏడింటికే ఎండ నిప్పులు చెరుగుతుంటే, నాగభూషణం సేటు ఇత్తడి బిందె పట్టుకుని గల్లీ మొదట్లో కనబడ్డాడు. లైను ఇటు కలిపినప్పటి నుంచి ఆయన పదకొండు నల్లాలూ గాలి తరంగమే వాయిస్తున్నాయి. తెల్లటి మనిషి, ఆ ఎండకు మొహం మోదుగపువ్వులా ఎర్రబడింది. వరస చివర నిలబడటమా మానటమా అని తటపటాయించి, మర్జానాబీ దగ్గరికి వచ్చి, ఇందులో తనకేదైనా చిన్న వేషం దొరుకుతుందేమో అన్నట్టుగా, మాట సగంలో మింగుతూ అడిగాడు. గల్లీ నవ్వింది. మర్జానాబీ నవ్వలేదు. బిందె పట్టుకుని వరసలో నిలబడమంది.

పంచాక్షరి రిజిస్టరు తెరిచి, మొదటి గడి సరే, రెండో గడి దగ్గర కలం ఆపాడు.

"సేటు తెల్లగున్నడు గదమ్మా. సవరణ ప్రకారం నల్ల కళాకారుడు కావాలె."

మర్జానాబీ వరస పొడుగు చూసింది. ఎండ చూసింది. సేటును చూసింది.

"రాసుకోన్రి సారు," అంది. "వంతు వచ్చేసరికి అయితడు."